మహలనోబిస్ మహాశయుని లెక్కల బడి

జూన్ మాసం రెండవ వారంలో బడులు తెరుస్తారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో పదవ తరగతి విద్యార్థి కొత్త గణిత పుస్తకం చేతికి రాగానే తిరగవేసి చూస్తే, బీజగణితం ముందు పుటలలోను, సాంఖ్యక శాస్త్రం పుస్తకం చివరను కనిపిస్తవి. మొదటిదానిలో అక్షరాలే గాని వాటికి ఊరు పేరు లేదు. రెండవదానిలో అంకెలే గాని వాటి వెనుక మనుషులు లేరు. ఏ ఊరివో తెలియని యాభైమంది విద్యార్థుల మార్కులు, ఏ కర్మాగారానివో తెలియని కూలీల దినవేతనాలు పట్టికలో వరుసగా నిలిచి ఉంటవి. సగటు, మధ్యగతం, బాహుళకం కట్టి విద్యార్థి పుస్తకం మూస్తాడు. సమీకరణంలోని ఎక్స్ దేనికి గుర్తు, పట్టికలోని కూలి ఎవరు అని అడగాలన్న కోరిక అతనికి పుట్టదు. పుట్టకపోవడం అతని దోషం కాదు.

ఈ రెండు అధ్యాయాలను విడదీయరాని ఒక్క విద్యగా భావించి, ఆ భావనతోనే డెబ్భై తొమ్మిదేళ్ళ జీవితం గడిపిన మహనీయుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన జన్మదినమైన జూన్ 29వ తేదీని 2007 సంవత్సరం నుండి భారత ప్రభుత్వం సాంఖ్యక దినోత్సవంగా పాటిస్తున్నది. బడులు తెరచిన రెండు వారాలకే వచ్చే ఆ దినాన ఆయన పటానికి పూలమాల వేయడం సులభమే. ఆయన అంకెలను ఏ విధంగా చేరదీశాడో విద్యార్థులకు తెలియజేయడం అంతకంటే ఉపయోగకరం.

మహలనోబిస్ వంశస్థులు తూర్పు వంగదేశంలోని విక్రమపురం ప్రాంతంవారు. తాతగారైన గురుచరణులు 1854లో కలకత్తా చేరి, కొంతకాలానికి మందుల దుకాణం పెట్టి స్థిరపడ్డారు. బ్రహ్మసమాజంలో చేరి, సంఘం వారించినా లెక్కచేయక వితంతువును వివాహమాడిన ధీరుడాయన. ఆయన కుమారుడు ప్రబోధ చంద్రులకు, సుప్రసిద్ధ వైద్యులు నీలరతన్ సర్కారు సోదరి నీరోదవాసినికి 1893 జూన్ 29న ప్రశాంతుడు జన్మించాడు. బ్రహ్మ బాలుర పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ చంద్ర బోసు, ప్రఫుల్ల చంద్ర రాయి వంటి ఆచార్యుల చెంత శిష్యరికం చేసి, 1912లో భౌతికశాస్త్రంలో పట్టభద్రుడైనాడు. మరుసటి సంవత్సరం ఇంగ్లండు ప్రయాణమైనాడు. లండను విశ్వవిద్యాలయంలో చేరడం అతని సంకల్పం. కేంబ్రిడ్జి చూచి రావలెనని ఒకనాడు వెళ్ళి, తిరుగు రైలు తప్పిపోయి, మిత్రుని గదిలో ఆ రాత్రి తలదాచుకున్నాడు. అక్కడి కింగ్స్ కళాశాల ప్రార్థనా మందిరపు శోభ అతని మనస్సును కట్టివేసింది. మిత్రుని ప్రోత్సాహంతో మరునాడే అర్జీ పెట్టి ఆ కళాశాలలో ప్రవేశం పొందాడు. రైలు తప్పినవారందరికీ ఇటువంటి అదృష్టం పట్టదనుకోండి!

కేంబ్రిడ్జిలో అతనికి లభించిన స్నేహాలలో మిన్న అయినది శ్రీనివాస రామానుజన్ స్నేహం. 1914లో రామానుజన్ అక్కడికి చేరాడు. చలిదేశపు కంబళ్ళను పడకపై ఎట్లా పరచుకొని వాటి మధ్య దూరి పడుకోవాలో ఆ మహామేధావికి తెలియలేదు, చూపించినవాడు ప్రశాంతుడు. వారిరువురి మధ్య జరిగిన వేరొక ఘటన బీజగణితం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ తరగతిలో చెప్పదగినది. ఆ సంవత్సరాంతంలో స్ట్రాండ్ అనే మాసపత్రికలో ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. బెల్జియం దేశంలోని లూవేన్ నగరంలో ఒక వీధి. ఇళ్ళకు ఒకటి నుండి వరుసగా సంఖ్యలు. ఒక మిత్రుని ఇంటికి ఎడమప్రక్క ఉన్న ఇళ్ళ సంఖ్యల మొత్తం, కుడిప్రక్క ఉన్న ఇళ్ళ సంఖ్యల మొత్తానికి సరిగా సమానం. వీధిలో యాభైకి మించి, ఐదువందలకు లోబడి ఇళ్ళున్నవి. ఆ ఇంటి సంఖ్య ఎంత? ప్రశాంతుడు కొద్ది నిమిషాలు అటూ ఇటూ ప్రయత్నించి జవాబు పట్టుకున్నాడు. రామానుజన్ పొయ్యి ముందు నిలిచి కూరగాయలు కలియబెడుతున్నాడు. ప్రశ్న చదివి వినిపించగానే, గరిటె చేత ఉండగానే ఒక అవిచ్ఛిన్న భిన్నం చెప్పి వ్రాసుకొమ్మన్నాడు. ఆ భిన్నంలో ఆ వీధి జవాబు మాత్రమే కాక, అటువంటి సకల వీధుల జవాబులు ఇమిడి ఉన్నవి.

పదవ తరగతి విద్యార్థికి అవిచ్ఛిన్న భిన్నం అక్కరలేదు. ఇంటి సంఖ్య ఎక్స్ అని, మొత్తం ఇళ్ళు ఎన్ అని అనుకొని, శ్రేఢులలో నేర్చిన మొత్తపు సూత్రాన్ని రెండు ప్రక్కలా వ్రాసి చూస్తే చాలు. పదాలు కొట్టివేయగా, ఎక్స్ వర్గం అనేది ఎన్‌ను, ఎన్ కంటే ఒకటి ఎక్కువైన సంఖ్యతో గుణించి సగం చేసినదానికి సమానమని తేలుతుంది. ఎనిమిది ఇళ్ళ వీధిలో ఆరవ ఇల్లు. నలభై తొమ్మిది ఇళ్ళ వీధిలో ముప్పై ఐదవ ఇల్లు. 288 ఇళ్ళ వీధిలో 204వ ఇల్లు. ఈ చివరిదే పత్రిక అడిగిన జవాబు. 1, 6, 35, 204 అనే సంఖ్యలను వరుసగా వ్రాసి, ప్రతి సంఖ్యా దాని ముందున్నదానికి ఆరింతలలో నుంచి, అంతకు ముందున్నదానిని తీసివేయగా వస్తున్నదని పిల్లలు తమంతట తాము కనిపెట్టినప్పుడు తరగతిలో కలిగే సందడి చెప్పనలవి కాదు. పట్టికలోని అంకెలను గమనించి, వాటి వెనుక దాగిన నియమాన్ని అనుమానించి, పిదప బీజగణితంతో నిర్ధారించడం, దత్తాంశ విశ్లేషణ అని పెద్ద పేరు పెట్టుకున్న విద్యకు ఇదే ఓనమాలు. సిరిసిల్లలోని ఏ వీధిలోనైనా తలుపుల మీది సంఖ్యలు వ్రాసుకొని రమ్మని పిల్లలను పంపవచ్చును. సమాధానం కుదరని వీధులే ఎక్కువగా ఉంటవి. ఎందుకు కుదరలేదన్నదే అప్పుడు లెక్క.

1915లో భౌతికశాస్త్రంలో ప్రథమశ్రేణి సాధించి ప్రశాంతుడు స్వదేశానికి బయలుదేరవలసిన సమయానికి ప్రపంచ యుద్ధం మూలాన ఓడ ప్రయాణం ఆలస్యమైంది. ఆ విరామంలో గ్రంథాలయంలో ఉన్న మెకాలే అనే అధ్యాపకుడు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను అతనికి చూపించాడు. ప్రాణుల కొలతలను గణితంతో పరిశీలించే పత్రిక అది. కుతూహలం కొద్దీ సంపుటాలన్నీ కొని, ఓడలో చదవడం మొదలు పెట్టి, కలకత్తా చేరేసరికి భౌతికశాస్త్రజ్ఞుడు సాంఖ్యకునిగా మారిపోయాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించడమే ఉద్యోగం. మనస్సు మాత్రం అంకెల వెంట పోయింది.

ఉపాధ్యాయులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఇక్కడ ఉన్నది. ఆయన చేపట్టిన తొలి సాంఖ్యక పరిశీలన నక్షత్రాలను గురించినదీ కాదు, రాజ్యాలను గురించినదీ కాదు. పరీక్షల మార్కులను గురించినది. 1917 ప్రాంతంలో తత్త్వవేత్త ఆచార్య బ్రజేంద్రనాథ శీల్ ప్రేరణతో కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాలను ఆయన విశ్లేషించాడు. అంటే, తన ఎదుట ప్రతినిత్యం ఉన్న కట్టనే మొదట విప్పాడు. మన బడులలో మార్కుల జాబితాలు బీరువాలలో భద్రంగా నిద్రపోతున్నవి. ఏ విద్యార్థి పేరూ బయట పెట్టకుండా, ఒక తరగతి గణితం మార్కులను అడ్డగీత మీదను, తెలుగు మార్కులను నిలువుగీత మీదను గుర్తించి చూడమంటే, నిరూపక రేఖాగణితం అధ్యాయంలోని బిందువులు ఒక్కసారిగా తోటి విద్యార్థులై కూర్చుంటవి. ఆ బిందువుల నడుమ నుండి పోయే సరళరేఖను గీయడానికి ఎవరూ బలవంతపెట్టనక్కరలేదు.

1920లో నాగపూరులో జరిగిన సైన్సు కాంగ్రెసులో జంతుశాస్త్ర సర్వే సంస్థ అధిపతి నెల్సన్ అనండేల్, కలకత్తాలోని ఆంగ్లో-ఇండియనుల శరీర కొలతలను పరిశీలించమని మహలనోబిస్‌కు అప్పగించాడు. రెండువందలమంది పురుషుల ఎత్తులను గురించిన ఆ వ్యాసం 1922లో వెలువడింది. దానినుండి ఉద్భవించినదే ఆయన పేరును శాశ్వతం చేసిన మహలనోబిస్ దూరం. డి-స్క్వేర్ అని లోకం పిలుస్తున్నది. దీని పూర్తి స్వరూపాన్ని ఆయన 1936లో ప్రకటించాడు. పేరు విని జంకవలసిన పని లేదు. రెండు బిందువుల మధ్య దూరానికి పదవ తరగతిలో నేర్చే సూత్రమే దీనికి తల్లి.

జగిత్యాల సమీపంలో పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది. జగిత్యాల సన్నాలు మొదలైన వరి రకాలు అక్కడ పుట్టినవే. రెండు వరి రకాలు ఒకదానికొకటి ఎంత దూరమో చెప్పవలసి వచ్చిందనుకొందాం. మొక్కల ఎత్తులో ఐదు సెంటిమీటర్ల తేడా ఉన్నది. గింజ పొడవులో ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నది. మామూలు దూర సూత్రంలో వేస్తే ఎత్తులోని తేడా గింజలోని తేడాను పూర్తిగా మింగివేస్తుంది. కాని ఒకే మడిలో ఒకే రకపు మొక్కలు ఐదు సెంటిమీటర్లు ఎక్కువ తక్కువలుగా పెరగడం నిత్యం చూస్తున్నదే. గింజ పొడవు మిల్లీమీటరు మారితే బియ్యం అంగట్లో పేరే మారిపోతుంది. కనుక ప్రతి తేడానూ ఆ గుణం సహజంగా ఎంత చెదరి ఉంటుందో దానితో భాగించి, ఒక గుణం మరొక గుణంతో కలిసి పెరిగే అలవాటును కూడ మినహాయించి, పిదప దూరం కట్టాలి. సంగ్రహంగా మహలనోబిస్ చెప్పినది ఇంతే. రైతుకు కంటితో తెలిసిన వివేకాన్ని సూత్రంలో నిలిపాడు. మనుష్య సమూహాల పోలికలకై పుట్టిన ఈ కొలత వైద్యంలోను, యంత్రాల లోపాలు పట్టడంలోను నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

1922 మొదలు నాలుగేళ్ళు ఆయన కలకత్తా వాతావరణ పరిశోధనశాల బాధ్యత కూడ వహించాడు. 1923లో నిర్మలకుమారిని వివాహమాడాడు. మామగారికి అల్లుని సంస్కరణ భావాలు గిట్టక పెళ్ళికి రాలేదు. మేనమామ నీలరతన్ సర్కారే కన్యాదాతగా నిలిచాడు. రవీంద్రనాథ ఠాకూరుకు ఆ దంపతులు ఆత్మీయులు. విశ్వభారతికి ప్రశాంతుడు పదేళ్ళు కార్యదర్శిగా పనిచేశాడు.

ఇక నదుల సంగతి. ఆయన జీవితంలో దీనికంటె ఉత్తేజకరమైన ఘట్టం లేదనవచ్చును. 1922లో ఉత్తర వంగంలో భయంకరమైన వరద వచ్చింది. నీటిని ఆపడానికి అపార ధనవ్యయంతో జలాశయాలు కట్టవలెనని ఇంజనీర్లు తలపోశారు. ప్రభుత్వం మహలనోబిస్ అభిప్రాయం కోరింది. ఆయన సుమారు ఐదు దశాబ్దాల వర్షపాత లెక్కలను ముందు వేసుకొని, ఆ జలాశయాలు అక్కడి జబ్బుకు మందు కావని, పడిన నీరు త్వరగా బయటికి పోయే దారి చూడడమే చికిత్స అని తేల్చాడు. 1926లో ఒరిస్సాలోని బ్రాహ్మణి నది పొంగింది. నది అడుగు మేట వేసి పైకి లేచిందని, కట్టలను కొన్ని అడుగులు ఎత్తు చేయడం తప్ప గత్యంతరం లేదని నిపుణుల సంఘం నిర్ణయించింది. అరవై సంవత్సరాల వర్షపు లెక్కలూ, నీటిమట్టపు లెక్కలూ మహలనోబిస్ తిరగవేశాడు. అడుగు లేచి ఉంటే, అంతే నీరు వచ్చిన రెండు సంవత్సరాలలో వెనుకటి సంవత్సరం కంటె తరువాతి సంవత్సరం మట్టం పైకి కనిపించాలి. అట్లా కనిపించలేదు. నది అడుగు లేవలేదు. కట్టలు ఎత్తు చేయడం వృథా. ఎగువన ఆనకట్టలు కట్టి అదనపు నీటిని నిలపడమే దారి అని ఆయన నిర్ణయించాడు. మహానదిపై దాదాపు మూడు దశాబ్దాల తరువాత వెలసిన హీరాకుడ్ ప్రణాళికకు ఆయన వేసిన లెక్కలు పునాదులలో ఒకటి.

కట్టలమీద నిలిచి చూచినవారికి నది అడుగు లేచినట్లే తోచింది. కాగితం మీద చూచినవానికి లేవలేదని తెలిసింది. వాలు అంటే ఏమిటో సరళరేఖల అధ్యాయంలో నేర్చుకునే విద్యార్థికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. సంవత్సరాలను అడ్డగీత మీద, నీటిమట్టాన్ని నిలువుగీత మీద పెట్టి గీసిన గీతకు వాలు ఉన్నదా, శూన్యమా అన్న ఒక్క ప్రశ్న మీద ఒక రాష్ట్రపు ధనమూ, వేలాది కుటుంబాల క్షేమమూ ఆధారపడి ఉన్నవి. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్లలో పెద్దలు ఏ సంవత్సరం నీరు ఏ మెట్టువరకు వచ్చిందో ఇంకా చెప్పగలరు. జ్ఞాపకాలను ముందు వ్రాసుకొని, తరువాత నీటిపారుదల కార్యాలయపు లెక్కలతో సరిచూస్తే, జ్ఞాపకం ఎక్కడ పెంచుతుందో, ఎక్కడ తుంచుతుందో పిల్లలకు తెలుస్తుంది.

ప్రెసిడెన్సీ కళాశాలలో తన గదిలోనే ఒక మూల సాంఖ్యక ప్రయోగశాల అని పేరుపెట్టుకొని కొందరు యువకులతో ఆయన సాగించిన కృషి ఫలితంగా 1931 డిసెంబరు 17న భారతీయ సాంఖ్యక సంస్థ స్థాపితమైంది. మరుసటి ఏప్రిల్ 28న చట్టరీత్యా నమోదైంది. తొలి సంవత్సరపు ఖర్చు కొన్ని వందల రూపాయలే. 1933లో సంఖ్య అనే పరిశోధన పత్రికను ప్రారంభించాడు. అంకె అన్న అర్థంతోబాటు సమ్యగ్‌జ్ఞానం అన్న అర్థం కూడ ఆ ప్రాచీన పదంలో స్ఫురిస్తున్నందువల్లనే ఆయన దానిని ఎంచుకున్నాడు.

1937లో వంగదేశపు జనపనార పంటను అంచనా కట్టే పని ఆయనకు దక్కింది. ప్రతి పొలమూ లెక్కించడం పాత పద్ధతి. అన్నం ఉడికిందీ లేనిదీ తెలియడానికి కుండెడు మెతుకులూ నలపనక్కరలేదని తెలుగు ఇల్లాళ్ళకు వేరే చెప్పాలా? కాని అడుగు మాడి, పైన పలుకుగా ఉన్న కుండలో ఒక్క మెతుకు చూచినవాడు మోసపోతాడు. ఏ మెతుకు చూడాలో మన ఇష్టానికి వదలకుండా, చీట్లు వేసినట్లుగా ఎన్నుకోవడమే ప్రతిచయన పద్ధతిలోని కీలకం. తొలి సంవత్సరాలలో కొద్ది ప్రదేశంలో పరీక్షించి, ఏటేటా విస్తరించి, లోపాలు సవరించుకొంటూ ఆయన రాష్ట్రమంతటికీ ఈ పద్ధతిని వ్యాపింపజేశాడు. 1940 తరువాతి సంవత్సరాలలో ఒకసారి రెండు విధాల లెక్కా జరిగింది. పొలం పొలం తిరిగిన లెక్కకు పదహారువేలమంది సిబ్బంది, 82 లక్షల రూపాయల ఖర్చు; పంట 63 లక్షల బేళ్ళని తేలింది. మహలనోబిస్ ప్రతిచయనానికి ఆరువందల మంది, 8 లక్షల ఖర్చు. పంట 75 లక్షల బేళ్ళకు కొంచెం పైగా తేలింది. తరువాత వర్తకుల లెక్కలూ, సుంకాల లెక్కలూ చూడగా వచ్చినది 75 లక్షల 62 వేల బేళ్ళు. వేలమంది చేసిన లెక్క తప్పింది; వందలమంది చేసిన లెక్క నిలిచింది. లెక్కించే చేతులు పెరిగినకొద్దీ తప్పులు కూడ పెరుగుతవని, వాటిని సరిచూచే ఓపిక తగ్గుతుందని అప్పటికి చాలమంది అధికారులకు నమ్మకం కలగలేదు.

ఈ విషయంలో ఆయనకూ ఎదురుదెబ్బ తగలకపోలేదు. పంట దిగుబడి తెలియడానికి పొలంలో చిన్న చిన్న భాగాలను కోసి తూచేవారు. అంత చిన్న భాగాలు దిగుబడిని ఉన్నదానికంటె ఎక్కువగా చూపిస్తవని మరొక గొప్ప సాంఖ్యకుడు సుఖాత్మే వాదించాడు. వాదోపవాదాలు ఏళ్ళ తరబడి నడిచినవి. ఎవరిది ఎంతవరకు న్యాయమో పండితులు చెప్పనీ. ఇందులో దాగిన బీజగణితం మాత్రం అతి సుందరమైనది. వృత్తాకారంగా తాడు త్రిప్పి పంట కోసేటప్పుడు గీత మీద నిలిచిన మొక్కను లోపలికి చేర్చుకోవాలని చేయి ఆశపడుతుంది. వృత్తపు చుట్టుకొలతను దాని వైశాల్యంతో భాగిస్తే, వ్యాసార్ధంతో రెండును భాగించినంత వస్తుంది. నాలుగడుగుల తాడుకు ఆ విలువ అర. ఎనిమిదడుగుల తాడుకు పావు. తాడు చిన్నదైనకొద్దీ గీత పెత్తనం పెరుగుతుంది. జగిత్యాల పరిసరాలలో వరికోతల కాలాన ఒక తాడు, ఒక గూటం, ఒక తక్కెడ పుచ్చుకొని పొలం యజమాని అనుమతితో తరగతి యావత్తూ ఈ లెక్క చేసి చూడవచ్చును. మామూలు పాఠంలో నిద్రపోయే కుర్రవాడు ఇక్కడ తాడు పట్టుకోవడానికి ముందుకు వస్తాడు.

మానవుని పొరపాటును గూర్చి ఇంతగా ఆలోచించినందువల్లనే మహలనోబిస్ ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఒకే ప్రాంతంలో రెండు ప్రత్యేక ప్రతిచయనాలు తీసి, రెండు ప్రత్యేక బృందాలకు ఇచ్చి, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా చేయించి, చివరకు రెండింటినీ పోల్చడం ఆ పద్ధతి. అల్లికలో పడుగూ పేకా వలె ఈ రెండు నమూనాలు ఒకదానిలో ఒకటి చొచ్చుకొని ఉంటవి. ఫలితాలు దగ్గరగా ఉంటే నమ్మవచ్చు. దూరమైతే ఎక్కడో పొరపాటున్నట్లే. కోరుట్లలో ఎందరో విద్యార్థుల తల్లులు బీడీలు చుట్టి సంసారానికి ఆసరా అవుతున్నారు. వేయి బీడీలకు ఇంత అని కూలి. చుట్టిన వేలను ఎక్స్ అని, చేతికి వచ్చిన కూలిని వై అని పెట్టుకుంటే, పుస్తకంలోని సరళరేఖ మూలబిందువు నుండి నేరుగా సాగిపోవాలి. కాని బాగులేవని తీసివేసిన బీడీలు పోగా చేతికి వచ్చినదానిని గుర్తిస్తే బిందువులు ఆ రేఖకు దిగువన పడుతవి. ఆ సందు ఎంత? వారం వారం మారుతుందా? ఇల్లు ఇల్లుకూ మారుతుందా? తరగతిని రెండు బృందాలుగా చేసి, ఒకరి లెక్క ఒకరు చూడకుండా విడివిడిగా విచారించి రమ్మంటే, మహలనోబిస్ పద్ధతి కోరుట్ల వీధులలో నడచినట్లే. తల్లి కూలిలోని సందును కొలిచిన పిల్ల రేఖీయ సమీకరణాన్ని మరచిపోదు. ఇళ్ళ పేర్లు తరగతిలో చదవకపోవడం మాత్రం ఉపాధ్యాయుని బాధ్యత.

1943 నాటి వంగదేశపు కరవు ఏయే కుటుంబాలను ఏ దశకు దిగజార్చిందో కూడ ఈ సంస్థ ప్రతిచయనంతోనే పరిశీలించింది. 1945లో ఇంగ్లండులోని రాయల్ సొసైటీ మహలనోబిస్‌ను సభ్యునిగా స్వీకరించింది. అంతకు ముందే, 1941 జనవరి 1న, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఇరవైయేళ్ళ తెలుగు యువకుడు ఒకడు ఉద్యోగం కొరకు కలకత్తా వచ్చి, అది దొరకక, ఈ సంస్థలో శిక్షణకు చేరాడు. ఆయనే కల్యంపూడి రాధాకృష్ణ రావు. డి-స్క్వేర్ కొలతను గురువు చేతి నుండి అందుకొని మరింత పదును పెట్టి, 1945లో తన పేరున నిలిచిన సిద్ధాంతాన్ని వెలువరించి, 2023లో 102 ఏళ్ళ వయస్సున కన్నుమూసేవరకు ప్రపంచ సాంఖ్యకులలో అగ్రగణ్యుడై వెలిగాడు. మహలనోబిస్ చేసిన పనులన్నింటిలోనూ మనుషులను కనిపెట్టిన పనే గొప్పదనేవారున్నారు. ఆయన స్వభావం మాత్రం మెత్తనిది కాదు. పట్టిన పట్టు విడువని మనిషి. తోటివారితో తగవులు లేకపోలేదు.

స్వాతంత్ర్యానంతరం 1950లో దేశవ్యాప్తమైన జాతీయ ప్రతిచయన పరిశీలన ఆయన పూనికతో ఆరంభమైంది. జవహర్‌లాల్ నెహ్రూ ఆయనను ప్రణాళికా రచనకు పిలిచాడు. 1956 నుండి నడిచిన రెండవ పంచవర్ష ప్రణాళికకు ఆయన వేసినది నాలుగు సమీకరణాల లెక్క. దేశాన్ని నాలుగు శాఖలుగా విభజించాడు: యంత్రాలు తయారుచేసే పరిశ్రమలు ఒకటి, మిల్లులలో తయారయ్యే నిత్యావసర వస్తువులు రెండవది, వ్యవసాయంతో కూడిన కుటీర పరిశ్రమలు మూడవది, విద్యా వైద్యాది సేవలు నాలుగవది. పెట్టుబడి మొత్తం 5,600 కోట్లు. దానితో కోటీ పదిలక్షలమందికి కొత్తగా పని దొరకాలి. జాతీయాదాయం ఏటా నూటికి ఐదు పెరగాలి. మొదటి శాఖకు మూడవ వంతు కేటాయించి, మిగిలిన శాఖలకు ఎంతెంత చెందాలో సాధించాడు. బడిలో రెండు తెలియని రాశులు, రెండు సమీకరణాలు సాధించిన విద్యార్థి ఆ లెక్క దారిని పోల్చుకోగలడు.

ఆ మూడవ శాఖలోనే సిరిసిల్ల మగ్గం ఉన్నది. ప్రజలకు కావలసిన బట్టను మిల్లులు కాక చేనేత ఎక్కువగా అందించాలని, తక్కువ పెట్టుబడితో ఎక్కువమందికి పని దొరుకుతుందని ఆ ప్రణాళిక ఆశ. ప్రణాళిక మొదలైన ఏప్రిల్ నాటికి సిరిసిల్ల హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది. నవంబరుకు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. నేతగాడు తన మగ్గం ఢిల్లీలో ఒక అక్షరమై కూర్చున్నదని ఎరుగడు. ఒక మగ్గానికి ఎంత పెట్టుబడి, ఎంత ఆదాయం, ఎందరికి పని అన్న గుణకాలకు ఆనాడు లభించిన ఆధారాలు బహు పలుచనివి. 1957లో విదేశీ మారకపు కొరత వచ్చిపడింది. వ్యవసాయాన్ని చిన్నచూపు చూశారన్న విమర్శ బలపడింది. సమీకరణాలలో తప్పు లేదు; వాటిలో పోసిన అంకెలు, వాటికి బయట మిగిలిపోయిన విషయాలు దెబ్బతీశాయి. నదుల విషయంలో అరవై ఏళ్ళ లెక్కలు చూడనిదే నోరు విప్పని మనిషి, దేశం విషయంలో ఉన్న కొద్దిపాటి లెక్కతోనే తొందరపడవలసి వచ్చింది. ఈ భాగాన్ని దాచిపెట్టి ఆయన మహిమను మాత్రమే చెబితే విద్యార్థికి అన్యాయం చేసినట్లే. సిరిసిల్లలో చేమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చినవి. నేతగాండ్రు కొందరు భీవండి వంటి పట్టణాలకు వలస వెళ్ళారు. అప్పులకు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల నేతను ఆ పట్టణానికి అప్పగించినప్పుడు కూడ, ఒక మగ్గం రోజుకు ఎన్ని మీటర్లు నేస్తుంది, ఎన్ని రోజులు పని ఉంటుంది, మీటరుకు కూలి ఎంత అన్న ఆ పాత గుణకాలే మళ్ళీ ముందుకు వచ్చినవి. వాటిని ఇంట్లో అడిగి తెలుసుకోగల విద్యార్థులు సిరిసిల్ల తరగతులలోనే కూర్చుని ఉన్నారు.

ప్రణాళికా రచన తరువాత కూడ ఆయన విశ్రమించలేదు. 1956లోనే విదేశం నుండి ఎలక్ట్రానిక్ గణన యంత్రాన్ని తెప్పించి సంస్థలో ప్రతిష్ఠింపజేశాడు. 1960లో, జనాన్ని ఆదాయపు క్రమంలో నిలిపి సమాన గుంపులుగా విభజించి, గుంపు గుంపుకూ బిందువులు గుర్తించి గీతలుగా పోల్చే పద్ధతిని ప్రకటించాడు. ఓజివ్ వక్రం గీయడం నేర్చిన విద్యార్థికి అది దూరపు చుట్టం కాదు. 1968లో పద్మవిభూషణ బిరుదం లభించింది. 1972 జూన్ 28న, డెబ్భై తొమ్మిదవ జన్మదినానికి ఒక్క రోజు ముందు, కలకత్తాలో కన్నుమూశాడు. బారానగర్‌లోని సంస్థ ఆవరణలో ఆయన నివసించిన ఇంటికి ఆమ్రపాలి అని రవీంద్రుడు పేరు పెట్టాడు. ఆ ఇంటిలో నేడు ఆయన కాగితాలు, వస్తువులు ప్రదర్శనశాలగా భద్రపరచి ఉన్నవి.